నలుగురు రాజయ్యలు

నేను దుబాయ్ పోయి వచ్చానని మా ఊళ్ళో చెప్పుకుంటున్నారు. నేను పోయింది ఖతర్‌కు. మా వైపు గల్ఫ్‌లో ఏ దేశమైనా దుబాయే. సరిదిద్దబోతే "అదేలే, దుబాయ్‌ల ఖతరు" అని నన్నే సరిదిద్దుతారు. అక్కడ నెల రోజులున్నానని చెప్పుకుంటున్నాను గానీ, ఉన్నది పదకొండు రోజులు. అందులో ఒకటి విమానాశ్రయంలో నా సంచీ కోసం వెతుక్కోవడానికే సరిపోయింది.

ఎందుకు పోయానో ముందే చెబుతాను. మా చెల్లె లచ్చవ్వ పంపింది. ఆమె భర్త రాజయ్య ఆరేళ్ళుగా అక్కడి ఎడారిలో గొర్రెలు కాస్తున్నాడు. మొదట్లో వారానికోసారి ఫోనులో ముఖం చూపించేవాడు. ఏడాదిన్నరగా ముఖం లేదు. రికార్డు చేసిన మాటలు మాత్రం రోజూ వస్తాయి. కెమెరా పగిలిందని ఒకసారి, సిగ్నల్ ఆగడం లేదని ఒకసారి. రావలసిన సెలవు కూడా వద్దనుకున్నాడు. అక్కడ ఇంకో సంసారం పెట్టాడని ఊళ్ళో కొందరన్నారు. మరికొందరు అనకూడని మాటే అన్నారు. చెల్లె మాత్రం ఎవరినీ ఏమీ అనలేదు. ఒకరోజు నా గడపలో కూర్చుని, "అన్నా, నువ్వు పోయి ఆయన ముఖం జూసి రా. నాకింకేం వద్దు" అన్నది.

చెవి పట్టుకుని లాక్కొస్తానని నలుగురిలో కోతలు కోశాను. నా వయసు అరవై ఎనిమిది. అంటే, డెబ్బై రెండు.

అల్ మన్సూరాలో వెచ్చని మంచం

దోహాలో నన్ను దించుకున్నది ఖాజా. కోరుట్లలో సైకిల్ షాపు నడిపిన నా స్నేహితుడి కొడుకు. ఇంట్లో దక్కనీ, బజారులో తెలుగు, లారీ ఎక్కితే అరబ్బీ. ఎడారిలోని మందలకు గడ్డి మోపులు చేరవేయడం అతని పని. అల్ మన్సూరాలో ఒక గదిలో ఉంటాడు. ఒక గది అన్నాను గానీ, ఆ గదిలో ఆరుగురు. తలుపు బయట చెప్పులు చూసి లోపల పెళ్ళి జరుగుతోందనుకున్నాను.

నాకు కిటికీ పక్క మంచం ఇచ్చారు. పడుకోబోతే దుప్పటి వెచ్చగా ఉంది. ఎవరో ఇప్పుడే లేచినట్టు.

"అది ఒకాయన మంచం చాచా. ఆయనది రాత్రి డ్యూటీ. మీరు లేచినంక వచ్చి పంటడు" అన్నాడు ఖాజా.

ఇద్దరికి ఒక మంచం అక్కడ మామూలు. ఒకడు లేస్తే ఒకడు పడుకుంటాడు. కొందరు రెండేళ్ళు ఒకే మంచం మీద పడుకుని కూడా ఒకరినొకరు సరిగ్గా చూసుకోలేదట. ఆ దిండు నుంచి కొబ్బరినూనె వాసన వచ్చింది. నేను రెండు రాత్రులు అతని మంచం మీద పడుకున్నాను, అతనెలా ఉంటాడో తెలియదు. రెండో రోజు మధ్యాహ్నం నేను బజారు నుంచి వచ్చేసరికి, నేను అడ్డదిడ్డంగా విడిచిన రెండో జత చెప్పులు గోడకు ఆనించి నేరుగా పెట్టి ఉన్నాయి. గదిలో ఎవరూ లేరు. ఎవరు పెట్టారని ఆలోచిస్తే ఒళ్ళు కొంచెం జలదరించింది. మా ఇంట్లో యాభై ఏళ్ళుగా నా చెప్పులు ఎవరూ సరిగ్గా పెట్టలేదు.

కింద ఒక మెస్సులో పచ్చిపులుసు దొరికింది. చేసింది ఒక నేపాలీ. మా ఇంట్లో చేసినదానికంటే బాగుంది. ఇది మా ఆవిడ చదివే అవకాశం ఉంది కనుక, దాదాపు అంత బాగుంది. ఇక చాయ్. అక్కడ చాయ్ తాగడానికి ఎవరూ బండి దిగరు. కొట్టు ముందు ఆగి హారన్ కొడితే చాయే బండి దగ్గరికి వస్తుంది. రెండు రియాళ్ళు. మన లెక్కన నలభై ఐదు రూపాయలని తెలిశాక చివరి చుక్క వరకు గ్లాసు వంచుకుని తాగాను. కాగితం గ్లాసు కూడా జేబులో పెట్టుకున్నాను.

గోడ లేని గేటు

మూడో రోజు తెల్లవారి ఖాజా లారీలో బయలుదేరాం. మెసైమీర్ దాటి సల్వా రోడ్డెక్కి నైరుతి దిక్కుకు. చలికాలం అక్కడ పొద్దున పూట మంచు కమ్ముతుంది. ఎడారిలో మంచేమిటని నేనూ అడిగాను. చేయి చాపితే వేలి ఉంగరం కనబడలేదు. నిజం చెప్పాలంటే నాకు ఉంగరం లేదు. కానీ లారీ ముందు చక్రాలు ఎక్కడున్నాయో ఖాజాకు కూడా తెలిసినట్టు లేదు. తల బయటపెట్టి వాసన చూస్తూ నడిపాడు. గొర్రెల వాసన ఎడమ నుంచి వస్తే ఎడమకు తిప్పాలట.

మంచు కాస్త పలచబడిన చోటల్లా గుడారాలు. చలికాలం వస్తే అక్కడి పెద్ద కుటుంబాలు మేడలు వదిలేసి ఎడారిలో కాపురం పెడతాయి. మేడను మాత్రం వదలరు. గుడారంలో సోఫాలు, తివాచీలు, గోడంత టీవీ. ఒక గుడారంలో మనుషులెవరూ లేరు, టీవీ ఒక్కటే ఇసుకతో మాట్లాడుతోంది. ఒక కారు ఇంజిన్ ఆపకుండా నిలబడి ఉంది. లోపల హీటరు వెచ్చదనంలో, ముఖానికి తోలు టోపీతో, డేగ ఒకటి ముందు సీటులో కూర్చుంది. డ్రైవరు బయట వణుకుతున్నాడు.

ఆ తర్వాత అరగంట ఏమీ లేదు. చెట్టు లేదు, గుట్ట లేదు. ఉన్నట్టుండి ఒక ఇనుప గేటు. గేటుకు ఇటు గోడ లేదు, అటు గోడ లేదు. ఎడారిలో ఒంటరిగా గేటు. ఖాజా దాని ముందు ఆపి హారన్ కొట్టి కూర్చున్నాడు.

"పక్క నుంచి పోరాదు?" అన్నాను.

"పక్క నుంచి పోతే దొంగతనం చాచా. తెరిచినంక పోతే మర్యాద."

ఎవరూ రాలేదు. ఇంకోసారి హారన్ కొట్టాడు. అప్పుడు గేటు తెరుచుకుంది. తెరిచింది ఎవరో మంచులో నాకు కనబడలేదు. మేం దాటగానే మా వెనక మూసుకుంది. అవతల ఎంత ఎడారి ఉందో ఇవతలా అంతే ఉంది. అయినా లోపలికి వచ్చామని నా వీపుకు తెలిసింది.

అదే రాజయ్య ఉండే ఇజ్బా. ఇజ్బా అంటే మందల కొట్టం: రెండు రేకుల గదులు, నీళ్ళ ట్యాంకు, ఇనుప కంచెలో గొర్రెలు, అవతల ఒంటెలు. ఐదు వందల ఒంటెలని మా ఊళ్ళో చెప్పాను. పదకొండు.

గడ్డి మనిషి

ఖాజా మోపులు దించడానికి పోయాడు. నేను కంచె పట్టుకుని నడిచాను. మూల మీద రాజయ్య నిలబడి ఉన్నాడు. నీలం రంగు డ్యూటీ బట్టలు, తలకు ఎర్ర తువ్వాల, చేతిలో కర్ర. అటు తిరిగి ఉన్నాడు. ఆ నిలబడే తీరు నాకు తెలుసు, ఎడమ భుజం కాస్త కిందికి.

నేను మూడు రోజులుగా దాచుకున్నదంతా తీశాను. మొగోడివేనా అన్నాను. ఏడాదిన్నర నుంచి ముఖం చూపియ్యకపోతే ఆడిది ఏమనుకోవాలె అన్నాను. ఇంకో సంసారమా అన్నాను. అరగంట తిట్టాను. ఐదు నిమిషాలనుకోండి. అతను కదల్లేదు. తల దించుకునే ఉన్నాడు. నాకు జాలేసింది. "సరే తియ్యి. ఏమన్న ఉంటె నాతోని జెప్పు" అని భుజం మీద చేయి వేశాను.

చేయి లోపలికి దిగిపోయింది. గడ్డి.

వెనక్కి జరిగాను. మంచు కొంచెం తొలగింది. కంచె రెండో మూలన ఇంకో రాజయ్య. అదే నీలం, అదే ఎర్ర తువ్వాల, అదే భుజం. మూడో మూలన ఇంకొకడు. నాలుగో మూలకు నేను చూడలేదు. గొర్రెలు వాళ్ళ మధ్య ప్రశాంతంగా నెమరు వేస్తున్నాయి. నేను పరుగెత్తలేదు. ఈ వయసులో ఎవరూ పరుగెత్తరు. కాస్త వేగంగా నడిచాను, ఒక చెప్పు అక్కడే ఉండిపోయింది.

అప్పుడు రాజయ్య గొంతు వినబడింది. నిజమైన గొంతు. గడ్డి మోపుల అవతల నుంచి.

"లచ్చవ్వా, తిన్నవా? ఊర్ల చలి ఎట్లున్నది? మోకాలికి నూనె రాస్తున్నవా లేదా?"

పెళ్ళినాటి నుంచి నేను ఎరిగిన గొంతు అది. చివరి మాటను కాస్త సాగదీసే అలవాటుతో సహా. నా ప్రాణం లేచి వచ్చింది. మోపులు చుట్టి అవతలికి పోయాను. పాత టైర్లు పేర్చిన దిబ్బ, దాని మీద రెండు కుర్చీలు. ఆ చుట్టుపక్కల సిగ్నల్ దొరికేది ఆ దిబ్బ మీద ఒక్కచోటే. ఒక కుర్చీలో ఎవరో బక్కపలచని మనిషి, ఫోను నోటికి దగ్గరగా పట్టుకుని మాట్లాడుతున్నాడు. రాజయ్య గొంతు అతని నోట్లోంచి వస్తోంది.

రెండో కుర్చీలో రాజయ్య. మెడకు గుడ్డ చుట్టుకుని, అతని నోటి వైపే చూస్తున్నాడు, సొంత ఇంటిని రోడ్డవతల నిలబడి చూసేవాడిలాగా.

నన్ను చూసి బక్కమనిషి లేచాడు. "అరె బావా, నువ్వెప్పుడొచ్చినవ్?" అన్నాడు, రాజయ్య గొంతుతోనే. రాజయ్య అతని తొడ మీద కొట్టాడు. అతను నాలుక కరుచుకుని, ఎవరిదో వేరే సన్నని గొంతుతో, "తప్పయింది కాకా. అలవాటైపోయింది. నా పేరు గంగారాం" అన్నాడు.

మూడు గడియారాల గది

జరిగింది గంగారాం చెప్పాడు. ఏడాదిన్నర కింద రాజయ్య గొంతులో గడ్డ లేచింది. దోహాలో ఆపరేషన్ అయింది. ప్రాణం దక్కింది, గొంతు పోయింది. మందల యజమాని ముసలాయన, అందరూ బాబా అంటారు, ఖర్చంతా తానే పెట్టుకుని ఇంటికి పొమ్మన్నాడు. రాజయ్య పోనన్నాడు. ఇక్కడ చెల్లె ఫోను మీద ఫోను చేస్తోంది. రాజయ్యకు రాయడం రాదు, చెల్లెకు చదవడం రాదు. గంగారాం ఊళ్ళో చిరుతల ఆటలో ఆడ వేషం, మగ వేషం రెండూ కట్టినవాడు. ఐదేళ్ళు రాజయ్యతో ఒకే గదిలో ఉన్నవాడు. "జలుబు చేసింది లచ్చవ్వా" అని ఒక్కసారి అన్నాడట, ఆ ఒక్క రోజు గడవడానికి. చెల్లె నమ్మింది. మరునాడు ఇంకొకటి పంపక తప్పలేదు.

"ఊరికెందుకు రానంటవ్?" అని రాజయ్యను అడిగాను. అతని పెదవులు కదిలాయి. గంగారాం చాయ్ కలుపుతూ అటు తిరిగి ఉన్నాడు. అటు తిరిగే, రాజయ్య గొంతుతో అన్నాడు: "హోయ్ అంటె రెండూర్ల గొర్లు తలకాయ లేపేటియి బావా. ఇప్పుడు నా గొర్లే నన్ను గుర్తు వడ్తలేవు. ఇంటికి పోయి ఏం జెయ్యాలె?"

వెనక్కి తిరిగి ఉన్నవాడికి పెదవులు ఎలా కనబడ్డాయో నాకు ఇప్పటికీ తెలియదు. అడగడానికి ధైర్యం చాలలేదు.

గొర్రెల మాట నిజమే. రాజయ్య పిలుపు ఆగిపోయాక అవి బెదిరి కంచెకు గుద్దుకునేవట. అందుకని అతను విడిచిన బట్టలు ఉతక్కుండా గడ్డి కూరి నాలుగు మూలలా నిలబెట్టారు. ఎటు చూసినా రాజయ్య ఉంటే అవి కుదురుగా ఉంటాయి. మేతకు పిలవాల్సి వస్తే రాజయ్య డబ్బా మూత మీద కర్రతో కొడతాడు.

ఆ గదిలో మూడు రోజులున్నాను. గోడకు మూడు గడియారాలు. ఒకటి ఖతర్ టైము, ఒకటి ఒంటెలు చూసే సూడాన్ మనిషిది, ఒకటి మన టైము. రాజయ్య, గంగారాం మన గడియారం చూసే తింటారు. ఇక్కడ మనం పన్నెండున్నరకు కంచం ముందు కూర్చుంటే అక్కడ వాళ్ళు పదింటికే కూర్చుంటారు. ఖుబ్బూస్ రొట్టెలోకి చెల్లె పంపిన మామిడి తొక్కు. ఒక సాయంత్రం బాబా వచ్చి నాతో గంటసేపు మాట్లాడాడు. నేను అరబ్బీలో దీటుగా జవాబిచ్చాను. నాకు వచ్చినవి పద అనడానికి యల్లా, లేదనడానికి మాఫీ, డబ్బుకు ఫులూస్, మూడే మాటలు. వాటిలో ఏదీ ఆయన అడిగినదానికి సరిపడినట్టు లేదు. మిగతాది తెలుగులో లాగించాను. ఇద్దరం తృప్తిగా లేచాం.

గంగారాంను తిడదామని ఒక మధ్యాహ్నం దిబ్బ మీద పట్టుకున్నాను. ఆడమనిషిని మోసం చేయడం తప్పు కాదా అని అడిగాను.

"తప్పే కాకా. నాకు ఇంటికాడ ఎవలు లేరు. పొద్దున లేస్తె ఆమె ఏమన్నదో ఇనబుద్ధయితది. బర్రె ఈనిందంటె నాకు సంబురమైతది. నా బర్రెనా అది?" అన్నాడు.

నేను ఆ తర్వాత తిట్టలేకపోయాను. దానికి కారణం ఉంది. నేను ముప్పై ఎనిమిదేళ్ళు పోస్ట్‌మ్యాన్‌ను. చదువు రానివాళ్ళకు ఉత్తరాలు చదివి పెట్టినవాణ్ణి. "పైసలు అందినయా" అన్న ఒక్క ముక్క తప్ప ఉత్తరంలో ఇంకేమీ లేకపోతే, ఎదురుగా కొంగు నోట్లో పెట్టుకుని నిలబడ్డ మనిషిని చూసి, "నీ ఆరోగ్యం జాగ్రత్త, కలలోకి వస్తున్నవు" అని నేనే చేర్చి చదివేవాణ్ణి. ఎన్ని ఇళ్ళలో చేశానో లెక్క లేదు. ఈసారి పెంచి చెప్పడం లేదు.

బయలుదేరేరోజు రాజయ్య నా చేయి తీసుకుని తన తల మీద పెట్టుకున్నాడు. గంగారాం గొంతు కలపలేదు. కలపనక్కర్లేదు. చెల్లెకు చెప్పనని ఒట్టు వేశాను.

ముఖం చూసి వచ్చాక

ఒట్టు నిలబెట్టుకుందామనే వచ్చాను. చెల్లె ఇంట్లో కూర్చుని బ్రహ్మాండంగా చెప్పాను. మనిషి దున్నపోతులా ఉన్నాడన్నాను. గొంతు గంటలా ఉందన్నాను. హోయ్ అంటే ఎడారంతా లేచి నిలబడిందన్నాను. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతూ విన్నది.

"ముఖం జూసినవా?"

"చూసిన."

"కండ్లతోని?"

"కండ్లతోనే."

చేట పక్కన పెట్టింది.  తర్వాత, "గొంతు ఆయనది గాదన్నా" అన్నది.

నేను చేట నా వైపు లాక్కుని రాళ్ళు ఏరబోయాను.

"మొదటి దినమే ఎర్కయింది. ముప్పై ఏండ్ల కాపురంల ఆయన నన్ను తిన్నవా అని ఒక్కనాడన్న అడగలే. ఈయన రోజు అడుగుతడు."

"మరి ఎవలతోని అనకపోతివి గదనే."

"ఆయన పోయిండనుకున్న. పోతె ఎవలో ఆయన లెక్క మాట్లాడుతున్నరనుకున్న. అడుగుతె గా గొంతు గూడ ఆగిపోతదని అడగలే."

ఏడాదిన్నర పాటు, ఆ ఇంట్లో, రోజూ పొద్దున, చనిపోయాడనుకున్న మనిషి గొంతుకు ఆమె జవాబు చెబుతూ వచ్చింది. బర్రె ఈనిందని చెప్పింది. మోకాలు నొస్తోందని చెప్పింది. నేను ఎడారిలో గడ్డి మనిషి భుజం మీద చేయి వేసినప్పుడు భయపడ్డాననుకున్నాను. అది భయం కాదు.

ఒట్టు సంగతి వదిలేసి మొత్తం చెప్పాను. గడ్డ, ఆపరేషన్, గంగారాం, నాలుగు మూలల రాజయ్యలు. ఆమె ఏడవలేదు. ఆపరేషన్ అయ్యాక మనిషి ఎన్నాళ్ళు పడుకున్నాడని అడిగింది, అన్నం మింగుడు పడుతోందా అని అడిగింది. పడుతోందన్నాను. అప్పుడు ఫోను తీసుకుని ముఖానికి అద్దంలా ఎదురుగా పెట్టుకుని మాట్లాడింది.

"గంగారాం తమ్మీ, ఇన్నొద్దులు నన్ను తిన్నవా అని అడిగినవు. నువ్వు తిన్నవా? ఇగ సాలు, నీ గొంతు నువ్వు దాసుకో. ఫోను ఆయన చేతికియ్యి."

ఆ రోజు ఏమీ రాలేదు. మరునాడూ రాలేదు. మూడో రోజు పొద్దున నేను అక్కడ ఉండగానే ఫోను మోగింది. రెండు నిమిషాల సందేశమని అందరికీ చెప్పాను గానీ, నలభై సెకన్లు. అందులో మాట లేదు. గాలి. ఎక్కడో దూరంగా ఒక గొర్రె దగ్గు. దగ్గరగా, సన్నగా, ఈల లాంటి ఊపిరి, పోతూ వస్తూ.

"సరిగ్గ రికార్డు గానట్టున్నది" అన్నాను.

చేయెత్తి నన్ను ఆగమన్నది. ఫోను చెవికి ఆనించుకుని మళ్ళీ విన్నది. మూడోసారి కళ్ళు మూసుకుని విన్నది.

"ఆయనే" అన్నది.

తర్వాత ఆ ఫోనుతోనే, మెల్లగా, పక్క మంచం మీద ఉన్న మనిషితో అన్నట్టుగా అన్నది: "ఎప్పుడొస్తవో చెప్పకు. వచ్చెయ్."